కులం ఒంటరిగా పోదు



ఉపాసక ఉపాసికలారా,

ఈ చిన్న పుస్తకంలో ఒక్క ప్రశ్న గురించే మాట్లాడుకుందాం. త్రిశరణాలు తీసుకున్నాం. పంచశీలాలు తీసుకున్నాం. బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞలు చదివినాం. ఇంట్లో పాత పటాలు తీసేసి బుద్ధుని పటం, అంబేడ్కర్ పటం పెట్టుకున్నాం. మరి మనలో ఉన్న కులం పోయిందా?

"మేం బౌద్ధులం, మాకు కులం లేదు" అని అంటా ఉంటాం. అది మంచి మాట. అయితే ఆ మాట జరిగిపోయిన సంగతిని చెప్తోందా, జరగాల్సిన సంగతిని చెప్తోందా? మాలవాడలో ఉండే ఉపాసకుడు మాదిగవాడలో ఉండే ఉపాసకుని ఇంట్లో కూర్చుని ఎన్నిసార్లు అన్నం తిన్నాడు? మాదిగవాడ వాళ్ళం మాష్టి, డక్కలి కుటుంబాలను వందనకు ఎన్నిసార్లు పిలిచినాం? యాత్రికుల ఊరు తిరుపతిని తెల్లవారకముందే లేచి ఊడ్చే సఫాయి కార్మికులు మన సభలో ఏ వరసలో కూర్చుంటారు? శ్రీకాళహస్తి, సత్యవేడు పక్క యానాదుల గుడిసెలకు ఓట్ల కాలంలో కాకుండా ఎప్పుడైనా పోయినామా? నగరి, కుప్పం పక్క తమిళం మాట్లాడే మనోళ్ళు మీటింగుకు వస్తే, వాళ్ళకు అర్థమయ్యేటట్టు ఒక్క మాటైనా చెప్పినామా?

ఈ ప్రశ్నలు ఎవరినో నిలదీసేదానికి కాదు. ప్రతిజ్ఞల్లో రెండు మాటలు పక్కపక్కనే ఉన్నాయి, గమనించినారా? మనుషులంతా సమానమని నమ్ముతాను అనేది ఒకటి. సమానత్వాన్ని నెలకొల్పేదానికి ప్రయత్నిస్తాను అనేది ఇంకొకటి. నమ్మితే చాలు అనుకుని ఉంటే బాబాసాహెబ్ రెండోది రాసి ఉండడు. నమ్మకం దీక్ష తీసుకున్న రోజు నుంచే ఉండొచ్చు. ప్రయత్నం మాత్రం నేర్చుకోవాల్సిన పని. ఆ పని ఎట్ల నేర్చుకోవాలి, ఎవరితో కలిసి నేర్చుకోవాలి అనేదే ఈ పుస్తకం సంగతి.

కులం ఎక్కడ ఉంటాది?

కులం ఇటుకల గోడ కాదనీ, అదొక మనసు స్థితి అనీ బాబాసాహెబ్ 1936లో 'కుల నిర్మూలన'లో వివరించినాడు. దీన్ని పట్టుకుని కొందరు అంటారు: "మనసులో ఉండేదైతే ఎవరి మనసును వాళ్ళు బాగుచేసుకుంటే సరిపోతాది కదా? ధ్యానం చేస్తే చాలదా?"

చాలదు. ఎందుకో ధమ్మమే చెప్తాది. ఫస్స వల్ల వేదన, వేదన వల్ల తృష్ణ పుడతాయని పటిచ్చసముప్పాదంలో చదువుకున్నాం. ఫస్స అంటే తాకిడి. తాకిడి లేనిచోట వేదన లేవదు. తలుపు వేసుకుని ఒక్కడే కూర్చున్న గదిలో మాలా లేడు, మాదిగా లేడు, రెడ్డీ లేడు. ఆ గదిలో మనమంతా చాలా మంచోళ్ళం. తలుపు తట్టి ఇంకొకరు లోపలికి వచ్చినప్పుడు, వాళ్ళు అడిగిన చెంబు నీళ్ళు ఇచ్చేటప్పుడు, వాళ్ళ అబ్బాయి మన అమ్మాయిని అడిగినప్పుడు అప్పుడు లేస్తాది లోపల ఉండేది. కులం మనసులో ఉండేదే. కానీ అది మేలుకునేది ఇద్దరి నడుమ. మేలుకున్న చోటనే దాన్ని చూడగలం. నిద్రపోతున్నదాన్ని చూసి చచ్చిపోయింది అనుకుంటే మోసపోతాం.

ఇంకొక కారణం ఉంది. బాబాసాహెబ్ కులవ్యవస్థను మెట్లమెట్ల అసమానత అన్నాడు. ఈ మెట్లలో నిలబడినవాడికి ఒక గుణం అబ్బుతాది. తల ఎత్తి పైమెట్టు వాడు చేసేది బాగా చూస్తాడు. తన కాలి కింద ఏముందో చూడడు. ఊరి హోటల్లో మనకు వేరే గ్లాసు పెట్టినారంటే ఆ సంగతి మూడు తరాలు చెప్పుకుంటాం. మన ఇంటికి వచ్చిన మనకంటే కింది మెట్టు మనిషికి మనం ఏ గ్లాసులో పోసినామో ఆ సాయంత్రానికే మర్చిపోతాం. ఇది చెడ్డతనం అని కాదు, మెట్ల కట్టడమే అట్లాంటిది. మన వీపు మనకు కనపడదు. అద్దం ముందు ఎంతసేపు నిలబడినా కనపడదు. వెనక నిలబడినవాళ్ళు చెప్పాల్సిందే. అందుకే కులాన్ని వదిలించుకునే పని ఒంటరి పని కాదు, సంఘం పని.

ముందు ఉపాలి

సంఘం ఈ పనిని ఎట్ల చేసిందో వినయపిటకంలో ఉంది. అనురుద్ధుడు, భద్దియుడు, ఆనందుడు మొదలైన శాక్య రాజకుమారులు భిక్షువులు కావాలని వచ్చినారు. వాళ్ళ వెంట ఉపాలి అనే మంగలి కూడా వచ్చినాడు. శాక్యులు బుద్ధుని అడిగిందేమి? ఉపాలికి ముందు దీక్ష ఇవ్వమని. సంఘంలో ముందు వచ్చినవాడు పెద్ద. తర్వాత వచ్చినవాడు పెద్దకు లేచి నిలబడాలి, మొక్కాలి. నిన్నటిదాకా తమకు క్షౌరం చేసినవానికి తాము రోజూ మొక్కితే తమ శాక్య గర్వం అణుగుతాదని వాళ్ళే అనుకున్నారు.

ఈ కథను ఉపాలి గొప్పతనానికి చెప్తారు, బుద్ధుని కరుణకు చెప్తారు. రాజకుమారుల వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. "మాలో గర్వం లేదు" అని వాళ్ళు అనలేదు. "ఉంది, అది ఉపదేశంతో పోదు, రోజూ చేసే అలవాటుతో పోతాది, దానికి ఉపాలి కావాలి" అన్నారు. తమ జబ్బును తామే ఒప్పుకుని, మందు తామే అడిగినారు. ఆ మందు కూడా ఉపాలి మీద దయ చూపడం కాదు, ఉపాలి కింద నిలబడడం.

తర్వాత ఏమైంది? ఆ ఉపాలే వినయంలో అందరికంటే దిట్ట అయినాడు. బుద్ధుని పరినిబ్బానం తర్వాత రాజగృహంలో జరిగిన మొదటి సంగీతిలో వినయాన్ని వల్లించింది ఆయనే. సంఘం నియమాలు ఏమిటో సంఘానికి చెప్పినవాడు ఒక మంగలి. కలుపుకోవడం అంటే ఇది. సభలో ఒక కుర్చీ వేసి కూర్చోబెట్టడం కాదు. నియమం చెప్పే అధికారం వాళ్ళ చేతికి పోవడం.

మాట్లాడని మూడు నెలలు

ఇంకొక కథ. కోసల దేశంలో కొందరు భిక్షువులు కలిసి వర్షావాసం చేసినారు. గొడవలు రాకుండా మూడు నెలలు ఒకరితో ఒకరు మాట్లాడగూడదని ఒప్పందం చేసుకున్నారు. సైగలతోనే గడిపినారు. వానాకాలం అయిపోయినాక సావత్థికి పోయి, మేం సఖ్యంగా ఉన్నామని బుద్ధునికి సంతోషంగా చెప్పుకున్నారు. బుద్ధుడు మెచ్చుకోలేదు. మీరు పశువుల మాదిరి, గొర్రెల మాదిరి బతికి, సుఖంగా బతికినామని చెప్తున్నారని మందలించినాడు. మౌనవ్రతం పట్టగూడదని నియమం పెట్టి, దానికి బదులు పవారణ పెట్టినాడు.

పవారణ అంటే పిలుపు. వర్షావాసం ముగిసే పౌర్ణమి రోజు భిక్షువులంతా ఒకచోట కూడుతారు. ఒక్కొక్కరు చేతులు జోడించి సంఘాన్ని అడుగుతారు: నాలో మీరు చూసిన తప్పుగానీ, విన్న తప్పుగానీ, అనుమానించిన తప్పుగానీ ఉంటే దయతో చెప్పండి, తెలిస్తే సరిదిద్దుకుంటాను. ఇట్ల మూడుసార్లు అడగాలి. మొదట అడిగేది చిన్నవాడు కాదు, అందరికంటే పెద్ద. సంయుత్త నికాయంలో ఉన్న పవారణ సుత్తంలో అయితే ఐదు వందల మంది భిక్షువుల నడుమ బుద్ధుడే ముందుగా తన మాటలో, నడతలో తప్పు ఏమన్నా ఉందా అని అడుగుతాడు.

మన సంఘాల సఖ్యత ఆ కోసల భిక్షువుల సఖ్యత మాదిరే ఉందా అని ఆలోచించండి. 1985 జూలై 17న కారంచేడులో మాదిగలను చంపినారు. 1991 ఆగస్టు 6న చుండూరులో మాలలను చంపినారు. ఆ రోజుల్లో దళిత మహాసభ జెండా కింద మాల, మాదిగ కలిసి నడిచినారు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా పుట్టింది. అప్పటి నుంచి వర్గీకరణ మాట కోర్టుల్లో, అసెంబ్లీల్లో నలిగింది. 2004లో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది, 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని మార్చి వర్గీకరణ చేయొచ్చని చెప్పింది. ఇన్నేళ్ళు బయట ఇంత జరిగితే, వందన అయినాక చాప మీద కూర్చుని ఈ సంగతి మాట్లాడుకున్న సంఘాలు ఎన్ని? చాలా చోట్ల "ఆ మాట ఎత్తొద్దప్పా, గొడవ అయితాది" అనే అన్నాం. గొడవ కాలేదు, నిజమే. ఒకరు రావడం మానేసినారు, అంతే. వాళ్ళు ఎందుకు రావడం లేదో మనం అడగలేదు, వాళ్ళు చెప్పలేదు.

వర్గీకరణ మీద ఎవరి అభిప్రాయం వాళ్ళకు ఉండొచ్చు. కానీ "మాకు అందలేదు" అని ఒక ధమ్మ సోదరుడు అన్నప్పుడు ఆ మాటను చివరిదాకా వినాల్సిన బాధ్యత అభిప్రాయం మీద ఆధారపడేది కాదు. "మమ్మల్నే దొంగల మాదిరి చూస్తున్నారు" అని ఇంకొక సోదరుడు అన్నప్పుడూ అంతే.

వచ్చే అడ్డు మాటలు

"కులం గురించి మాట్లాడితే కులాన్ని మళ్ళీ లేపినట్టు కాదా?" అని ఒకరు అడుగుతారు. బుద్ధుడు మాట్లాడినాడు కదా! వాసెట్ఠ సుత్తంలో గడ్డికి, పురుగులకు, పక్షులకు జాతి తేడాలు ఉన్నాయి, మనుషుల్లో అట్లాంటి తేడా లేదని విడమర్చి చెప్పినాడు. అస్సలాయన సుత్తంలో బ్రాహ్మణ యువకునితో ప్రశ్న మీద ప్రశ్న వేసి వాదించినాడు. పేరు పెట్టి పిలవకుండా ఏ రోగాన్నీ ఏ వైద్యుడూ నయం చేయలేదు. కులం పేరుతో ఇంకొకరిని తక్కువ చేయడం వేరు, కులం చేసిన గాయాన్ని చూపించడం వేరు.

"అత్త దీప అన్నాడు కదా, ఎవరికి వాళ్ళే దీపం కదా?" అని ఇంకొకరు అడుగుతారు. నిజమే, మన బదులు ఇంకొకరు నడవలేరు. కానీ కల్యాణమిత్రత బ్రహ్మచర్యంలో సగం అని ఆనందుడు అన్నప్పుడు, సగం కాదు ఆనందా, మొత్తం అదే అని బుద్ధుడు సరిదిద్దినాడు. నా కాళ్ళతో నేనే నడవాలి. కానీ నా వీపు మీద ముల్లు ఉందని చెప్పేదానికి మిత్రుడు కావాలి.

మూడో మాట బరువైనది. "దెబ్బ తిన్నోళ్ళమూ మేమే, మీకు పాఠం చెప్పాల్సినోళ్ళమూ మేమేనా? ఎన్నిసార్లు చెప్పాలి మా అవమానాలు?" ఇది న్యాయమైన మాట. సభలో ఒక డక్కలి అన్ననో, ఒక సఫాయి అక్కనో లేపి, మీ బాధలు చెప్పండి అని చప్పట్లు కొట్టడం నేర్చుకోవడం కాదు. పవారణ ఇక్కడే మనకు దారి చూపిస్తాది. అందులో మొదట నోరు తెరిచేది గాయపడినవాడు కాదు. గాయం చేసి ఉండొచ్చు అనుకునేవాడే ముందుగా చేతులు జోడించి అడుగుతాడు. చెప్పడం, చెప్పకపోవడం అవతలి మనిషి ఇష్టం. అడగడం మాత్రం మన విధి.

తిరుపతి గంగమ్మ జాతరలో రోజుకో వేషం కడతారు, మీరు చూసే ఉంటారు. తోటి వేషం ఉంది, దొర వేషం ఉంది, మాతంగి వేషం ఉంది. తోటి వేషం వేసినవాడు సాయంత్రానికి రంగు కడుక్కుని ఇంటికి పోతాడు. తోటి పని చేసే ఇంట్లో పుట్టినవాడికి కడుక్కునేదానికి రంగు లేదు. ఇంకొకరి బాధను ఒక పూట మీటింగులో విని, అర్థమైపోయింది అనుకుంటే మనమూ వేషం కట్టినట్టే.

చెప్పేవానికి ఐదు, వినేవానికి ఐదు

తప్పు ఎత్తి చూపేవాడు ఐదు సంగతులు చూసుకోవాలని ధమ్మం చెప్తాది. సమయం చూసి చెప్పాలి. ఉన్నదే చెప్పాలి. మెత్తగా చెప్పాలి. మేలు కోరి చెప్పాలి. మైత్రితో చెప్పాలి. వీటిని మనం చాలాసార్లు విన్నాం. అయితే కకచూపమ సుత్తంలో బుద్ధుడు ఇవే ఐదింటిని వినేవాని వైపు తిప్పినాడు. ఎదుటివాళ్ళు సమయానికి చెప్పొచ్చు, అకాలంలో చెప్పొచ్చు. నిజం చెప్పొచ్చు, అబద్ధం చెప్పొచ్చు. మెత్తగా చెప్పొచ్చు, కటువుగా చెప్పొచ్చు. మేలుకు చెప్పొచ్చు, కీడుకు చెప్పొచ్చు. మైత్రితో చెప్పొచ్చు, ద్వేషంతో చెప్పొచ్చు. ఎట్ల చెప్పినా వినేవాని మనసు చెడగూడదు.

ఈ రెండింటినీ తారుమారు చేస్తే ప్రమాదం. "నువ్వు మెత్తగా చెప్పలేదు కాబట్టి నేను వినను" అని వినేవాడు అంటే, చెప్పేవాని నియమాన్ని దొంగిలించి డాలుగా పెట్టుకున్నట్టు. "ఎంత తిట్టినా ఓర్చుకోవాలి" అని అవమానం పడినవానికే చెప్తే, వినేవాని నియమాన్ని తెచ్చి వాని నోరు కుట్టినట్టు. మెత్తదనం చెప్పేవాడు తనకు తాను పెట్టుకునేది. ఓర్పు, తప్పు చేశాడని విన్నవాడు తనకు తాను పెట్టుకునేది. ఒకరిది ఇంకొకరి మీద రుద్దగూడదు.

అనుమాన సుత్తంలో మహామొగ్గల్లానుడు ఇంకో సంగతి చెప్పినాడు. నాకు చెప్పండి అని నోటితో అడిగి, చెప్తే మాత్రం కోపం తెచ్చుకునేవాడు, "నువ్వు చేయలేదా?" అని ఎదురు తప్పు పట్టేవాడు, మాటను దారి మళ్ళించేవాడు. ఇట్లాంటివానికి చెప్పేదానికి ఎవరూ ముందుకు రారు. మన మీటింగుల్లో "మాల వాళ్ళు ఇట్ల చేసినారు" అంటే "మాదిగ వాళ్ళు చేయలేదా?" అనే జవాబు ఎంత తొందరగా వస్తాదో మీకు తెలుసు. ఆ జవాబు వచ్చిన చోట ధమ్మం చర్చ ఆగిపోయి పంచాయితీ మొదలైతాది.

ఇతర దేశాల్లోనూ ఇదే పాఠం

అమెరికాలో నల్లవాళ్ళ హక్కుల పోరాటాన్ని బాబాసాహెబ్ గమనించినాడు. 1946లో డుబోయిస్‌కు ఉత్తరం రాసినాడు, డుబోయిస్ జవాబు ఇచ్చినాడు. అదే దేశంలో టెన్నెసీ రాష్ట్రంలో 1932లో హైలాండర్ అనే జానపద పాఠశాల పెట్టినారు. నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు పక్కపక్కన కూర్చోగూడదని చట్టాలే ఉన్న ప్రాంతంలో అక్కడ ఇద్దరూ ఒకే బల్ల దగ్గర తిని, ఒకే గదిలో చర్చించినారు. రోజా పార్క్స్ అక్కడికి 1955 ఎండాకాలంలో పోయింది. అదే డిసెంబరు 1న మాంట్‌గోమరీ బస్సులో సీటు వదలనని కూర్చుంది. ఆమె ధైర్యం ఆమెదే, పాఠశాల ఇచ్చింది కాదు. సమానంగా కలిసి బతకడం ఎట్ల ఉంటాదో మాత్రం అక్కడ కొన్ని రోజులు చూసింది. సమానత్వాన్ని ప్రసంగంలో వినడం వేరు, ఒక పూట అందులో బతికి రావడం వేరు.

మన తెలుగోళ్ళు అమెరికా పోతే కులం కూడా పెట్టెలో పెట్టుకుని పోయినారు. అందుకే 2023లో సియాటెల్ నగరం కుల వివక్షను నిషేధించాల్సి వచ్చింది. సముద్రం దాటినా పోని కులం, పటం మార్చినంత మాత్రాన ఎట్ల పోతాది?

ఇప్పుడు చేయాల్సింది

1956 అక్టోబరు 14న, అశోక విజయదశమి నాడు, బాబాసాహెబ్ నాగపూర్‌లో దీక్ష తీసుకున్నాడు. ఆ పండుగ మనం చేసుకుంటున్నాం. దానికి ఐదు రోజుల తర్వాత ఆశ్వయుజ పౌర్ణమి వస్తాది. అది పవారణ పౌర్ణమి. దాన్ని మనం మర్చిపోయినాం. దీక్ష రోజును, అడిగే రోజును కలిపి చేసుకుందాం.

పది, పదిహేను మంది చాలు. స్టేజి వద్దు, మైకు వద్దు. అందరూ ఒకే ఎత్తులో చాపల మీద గుండ్రంగా కూర్చోవాలి. ఈసారి ఒక వాడలో అయితే వచ్చేసారి ఇంకొక వాడలో. ఆ రోజు వంట మగవాళ్ళు చేయాలి. వండేది ఆడవాళ్ళు, ఉపన్యాసం ఇచ్చేది మగవాళ్ళు అనే అలవాటు కూడా ఒక మెట్టే. త్రిశరణ పంచశీలాలు అయినాక సంఘంలో పెద్ద, పదవిలో ఉన్నవాడు మొదట అడగాలి: నా మాటలో, నా ఇంట్లో, నా నడతలో ఎవరినైనా తక్కువ చేసినానా? ఎవరైనా చెప్తే ఆ పూట జవాబు చెప్పగూడదు. "విన్నాను" అని మాత్రం అనాలి. ఎవరూ చెప్పకపోతే "నాలో తప్పు లేదు" అనుకోగూడదు. "నాకు చెప్పే ధైర్యం ఇంకా నేను ఇవ్వలేదు" అనుకోవాలి. ఆ చాప మీద విన్న మాటను బయట ఎక్కడా చెప్పగూడదు.

వచ్చే పౌర్ణమికి, విన్న మాటకు ఏమి చేసినానో ఒక్కొక్కరు చెప్పాలి. ఎవరి ఇంటికి పోయి తిన్నాం? సంఘం కార్యదర్శి పదవి ఎవరికి ఇచ్చినాం? పిల్లోనికి సంబంధం చూసేటప్పుడు మొదటి ప్రశ్న ఏం అడిగినాం? ఈ చివరి ప్రశ్న దగ్గర చాలామంది తల వంచుకుంటారు. కులాంతర వివాహమే అసలు మందు అని బాబాసాహెబ్ 1936లోనే చెప్పినాడు. తల వంచుకుంటే తప్పు లేదు. అడగడం మానేస్తేనే తప్పు.

ఒక రోజులో అయ్యే పని కాదిది. శాక్య కుమారులు ఉపాలికి ఒక్క రోజు మొక్కి ఊరుకోలేదు, ప్రతి రోజూ మొక్కినారు. నదులు సముద్రంలో కలిసినాక తమ పేర్లు వదిలేస్తాయని, సంఘంలో కులాలు అట్లనే వదిలేయాలని బుద్ధుడు చెప్పినాడు. స్వర్ణముఖి కూడా సముద్రం చేరాలంటే దారి పొడుగునా పారాల్సిందే. ఈ ఆశ్వయుజ పౌర్ణమికి మీ వాడలో చాప పరచండి. పక్క వాడకు మీరే పోయి పిలవండి.

భవతు సబ్బ మంగళం.

జైభీమ్! నమో బుద్ధాయ!